పదికి పది

అడవిలో తేనె తీసి బతికే తేనెవదినకు వలంటీరు కార్డు వచ్చే ప్రశ్నే లేదని దర్జీ భార్య వీధంతా చాటిందట. "చెట్టెక్కి తేనెపట్టు దింపడం కాదమ్మా, పరీక్ష రాయాలి. ఆవిడకి నోరు పెద్దది, చదువు చిన్నది" అని కూడా అందట.

అన్నంతా అయింది. అడవినీ జంతువులనూ కాపాడే వలంటీర్ల శిక్షణలో, రాత పరీక్షకు తేనెవదినకు వచ్చింది గుండుసున్న. రేంజరు ఆమె కాగితాన్ని చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తి హాలంతటికీ చూపించాడు.

"ఎలుగుబంటి ఎదురైతే ఏం చేస్తావంటే, 'పక్కకు జరుగుతాను' అనా రాసేది? పుస్తకంలో ఏడు సూత్రాలున్నాయి!"

"ఏడూ గుర్తుచేసుకునేదాకా అది ఆగుద్దా సార్?"

హాలు గొల్లుమంది. రేంజరు మొహం గంటు పెట్టుకున్నాడు.

"సోమవారం నుంచి కార్డు లేనివాళ్లను అడవి గేటు దాటనివ్వం. తర్వాత నా దగ్గరకొచ్చి ఏడిస్తే లాభం లేదు."

తేనెవదిన నవ్వు ఆరిపోయింది. గేటు దాటకపోతే తేనె లేదు. తేనె లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

"అట్లా అనకండి సార్. ఇంకేదన్నా పని చెప్పి చూడండి."

"ప్రాక్టికల్ ఉందిగా! వేటగాళ్లు పెట్టే ఉచ్చులు ఎలా ఉంటాయో పొద్దున పాఠం చెప్పాను. ఈ రెస్ట్‌హౌస్ చుట్టుపక్కల మా డ్రైవరు అలాంటివి పది దాచాడు. గంటలో పదీ తెస్తే కార్డు. ఒక్కటి తగ్గినా ఇంటికే."

ఇరవై మంది బయల్దేరారు. గంట తిరిగేసరికి పంతొమ్మిది మంది బట్టలనిండా ముళ్లతో, వట్టి చేతులతో వచ్చి కూలబడ్డారు. తేనెవదిన మాత్రం బైకు వైర్లతో చేసిన ఉచ్చుల కట్ట తెచ్చి బల్లమీద ధబ్బున పడేసింది.

రేంజరు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పదికి పది.

"చూశారా! ఇదీ మన శిక్షణంటే! పొద్దున సున్నా, మధ్యాహ్నానికి పదికి పది! వట్టి మట్టిముద్దనిస్తే మనిషిని చేశాను!"

అక్కడికక్కడే కార్డు మీద సంతకం పెట్టాడు. ఫొటో కోసం దాన్ని మూడుసార్లు ఇచ్చి, రెండుసార్లు వెనక్కి తీసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తేనెవదిన కార్డును కొంగున ముడేసుకుంది.

అప్పుడు డ్రైవరు రొప్పుకుంటూ లోపలికొచ్చాడు. భుజాన గోనెసంచి.

"ఏమనుకోకండి సార్, దారిలో టైరు పంచరైంది. ఉచ్చులు ఇప్పుడే తెచ్చాను. ఎక్కడ దాచమంటారు?"

చప్పట్లు ఆగిపోయాయి. రేంజరు సంచిలోకి చూశాడు, బల్లమీదికి చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"మరి ఇవి... ఇవెక్కడ దొరికాయమ్మా మీకు?"

"మీ వంటింటి వెనకే సార్. ఇంకా చాలా ఉన్నాయి. మీరు పదే అన్నారని ఆగాను."