ఆమేన్ అనేవరకు

“యుద్ధంలో నలిగిపోతున్నవాళ్లని జ్ఞాపకం చేసుకో తండ్రీ, మా దేశానికి శాంతిని...” అంటూ ఆగిపోయాడు పాస్టరు.

ఎంతకీ తర్వాతి మాట రాలేదు. ముందు వరుసలో మోకరించిన ఆయన భార్య ఓరగా కన్ను తెరిచి చూసింది. ఆయన బల్లకి ఆనుకుని, నిలబడే కునుకు తీస్తున్నాడు.

రెండు రోజులుగా ఆస్పత్రిలో గాయపడినవాళ్ల దగ్గరే ఉన్నాడు మరి, ఒళ్లు ఇనుమా? నయం, ఆయన ఆమేన్ అననిదే ఇక్కడ ఎవరూ కళ్లు తెరవరు. చప్పుడు కాకుండా లేచి వెళ్లి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

“ఆమేన్!” అన్నాడాయన ఉలిక్కిపడి.

జనం వెళ్లిపోతుంటే గుమ్మం దగ్గర ఆయన తలెత్తలేకపోయాడు.

“పరువు పోయిందే.”

“ఊరుకోండి, ఎవరూ చూళ్లేదు.”

అంతలో బేకరీ ఆవిడ వచ్చింది. కొడుకు యుద్ధంలో పోయినప్పటి నుంచీ ఆమె కంట తడి చూసినవాళ్లు లేరు. ఇవాళ ఆమె ముఖమంతా ఉబ్బిపోయి ఉంది.

“క్షమించమ్మా, ఇవాళ ప్రార్థన...” అని నసిగాడు పాస్టరు.

“ఇవాళే బాగుంది అయ్యగారూ. వారం వారం మా అందరి తరఫునా మీరే చక్కగా చెప్పేసేవారు. నాకు మాట మిగిలేది కాదు. ఇవాళ మీరు ఊరుకున్నారు కదా, వాడి గురించి దేవుణ్ణి నేనే అడిగాను. గట్టిగానే అడిగాను.”

రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“కాకపోతే, ఇంకా అడగాల్సింది ఉండగానే ఆమేన్ అనేశారు.”

పాస్టరు భార్య తన మోచేతిని రెండో చేత్తో కప్పేసుకుంది.