కాల్చేవాడు చెప్పాలి

ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించాలి. గడ్డం గీయించుకోవాలి. వ్యాను ఓనరు ముత్యాలయ్యకు ఫోను చేయాలి. నాయనతో వేటకు పోవాలి.

ఆ ఆదివారం పెంచలకృష్ణకు ఉన్న పనులివి. చివరిదానికి భార్య వాణి ఒప్పుకోలేదు. తెల్లారితే కోట ఊళ్లో స్కూలు వ్యాను డ్రైవరుగా చేరాల్సిన మనిషి. అంతమంది పిల్లల్ని నమ్మి చేతికిస్తున్నారు. అడవి జంతువును కొట్టి జైలుకు పోతే గతేమిటని అడిగింది. రొయ్యల గుంటల దగ్గర పని పోయినప్పటినుంచి ఆ ఇంట్లో జీతమన్న మాటే లేదు మరి.

"ఒక్క పొద్దే కదమ్మా," అని మామ హజరత్తయ్య కొడుకును వెంటబెట్టుకు పోయినాడు.

చిట్టమూరు దాటినాక సర్వితోట, అంతా సరుగుడు చెట్లే. మంచు విడిపోయి ఎండ బాగా పడింది. తుపాకి భుజాన వేసుకుని హజరత్తయ్య ముందు, కొడుకు వెనక. ఆ వైపు వేటగాళ్లకు ఒక కట్టుబాటుంది. జంతువును చూపించినవాడు కాల్చడు. కాల్చేవాడు తన కంటికి ఏం కనపడుతోందో ముందు నోటితో చెప్పాలి. చెప్పినాకే తుపాకి చేతికిస్తారు. ఆవునో మనిషినో కాల్చకుండా పెద్దలు పెట్టుకున్నది.

హజరత్తయ్య ఆగి వేలు చూపించినాడు.

"దుప్పి. ఆ గుబురు పక్కన. కనపడతా ఉండాదా?"

"ఆఁ, నాయనా."

"చెప్పు."

"మగది. కొమ్ములు పెద్దవే."

"ఎటు చూస్తా ఉండాది?"

"మన వైపే."

ముసలాయన కొడుకు కళ్లలోకి చూసినాడు. తుపాకి ఇవ్వలేదు. "పోనీలేరా, మనకెందుకు దాని ఉసురు," అని వెనక్కి తిరిగినాడు. దారిలో కళ్లు తుడుచుకున్నాడు. వేట మానుకున్నందుకు బాధేమోనని పెంచలకృష్ణ అనుకున్నాడు.

ఇంటికి రాగానే హజరత్తయ్య తనే ముత్యాలయ్యకు ఫోను చేసినాడు. తనకు చూపు పోతోందనీ, నెల్లూరు కంటాసుపత్రికి కొడుకు తోడు కావాలనీ, వ్యానుకు వేరే మనిషిని చూసుకోమనీ చెప్పినాడు. ముత్యాలయ్య సరేనని పెట్టేసినాడు.

"నీ కళ్ల కోసం మా నోట్లో మన్ను కొట్టినావు కదా మామా," అంది వాణి.

ఆయన తలొంచుకుని అన్నం తిన్నాడు. కన్నకొడుకు బాగుపడితే ఓర్చుకోలేని ముసలోడని ఊరంతా అనింది. పెంచలకృష్ణ మాత్రం ఖాకీ చొక్కా మడిచి పెట్టెలో పెట్టేసినాడు.

మర్నాడు రోడ్డు మలుపులో ఇంకా దూరంగా ఉన్న బస్సు బోర్డు చూసి, "నెల్లూరుదే, లెయ్యి," అని కొడుకు చెయ్యి పట్టుకున్నాడు హజరత్తయ్య.

ఆయన ఇప్పుడు లేడు. ఊళ్లో ఆ మాట ఇంకా అంటూనే ఉన్నారు. మీరైనా ఆయన్ను మంచిగా గుర్తుపెట్టుకోండి. ఆ పొద్దున అక్కడ దుప్పి లేదు.