నోరు తెరుచుకుని విన్న సముద్రం

"ఇంకెంత దూరం డాక్టరుగారూ?"

"వచ్చేశాం! ఈ రాళ్ళగుట్ట దిగితే వెదురుతోపు. అది దాటితే గాలి ఉప్పగా తగులుతుంది," అన్నాడు పళ్ళ డాక్టరు, వెనక్కి తిరగకుండానే.

ఆయన ఆ దారిలో అడుగుపెట్టడం అదే మొదలు. సముద్రాన్ని కళ్ళారా చూసిన పాపాన పోలేదు.

పదిహేనేళ్ళుగా పన్ను పీకే ముందు ప్రతి రోగికీ ఆ దారి గురించే చెబుతున్నాడు. ఊరి చివర నుంచి సముద్రం దాకా, మలుపు మలుపూ. వాళ్ళు భయం మరిచిపోయి వినేవారు. నోరు తెరుచుకుని ఉన్నవాళ్ళు ఎదురుప్రశ్నలు వేయలేరు కదా! పిల్లనీ, ఆసుపత్రినీ ఇచ్చిన మామగారు రోగులకు చెబుతుంటే పక్కన నిలబడి నేర్చుకున్న కథ అది. డాక్టరు నెలకోసారి వెళ్ళొస్తాడని ఊరంతా అనుకుంది. ఆయనా కాదనలేదు. చివరికి కట్టుడు పళ్ళ టీచరమ్మ పట్టుబట్టింది.

"ఈ ఆదివారం మమ్మల్నీ తీసుకెళ్ళాల్సిందే!"

పన్నెండుమంది తయారయ్యారు. పదమూడోవారు మామగారు.

"మీకు మోకాళ్ళ నొప్పులు కదా మావయ్యగారూ..." అని ఆపబోతే, "నొప్పులదేముంది, పదండి పదండి!" అంటూ అందరికన్నా ముందే గడప దాటాడాయన.

గుట్ట దిగారు. వెదురుతోపు నిజంగానే ఉంది! డాక్టరుకు గంతులేయాలనిపించింది. తోపు దాటగానే దారి రెండుగా చీలింది. కథలో ఆ చీలిక లేదు.

"ఎటు డాక్టరుగారూ?"

ఇక్కడ తప్పితే రేపటి నుంచి తన మాట నమ్మి నోరు తెరిచేవాడుండడు. దిక్కుతోచక మామగారి వైపు చూశాడు. ఆయన వంగి బూటు తాడు సవరించుకుంటున్నాడు.

"మీరే చెప్పండి అల్లుడుగారూ, మీకు తెలియని దారా!"

పరీక్ష పెడుతున్నాడు, దొరికిపోయాను అనుకున్నాడు డాక్టరు. కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చెంపకు చల్లగా గాలి తగిలింది. పెదవి తడుముకుంటే ఉప్పగా ఉంది. చెమటో, సముద్రమో దేవుడికే తెలియాలి.

"ఎడమకి!" అని అరిచాడు.

ఇసుకదిబ్బ ఎక్కేసరికి ఎదురుగా నీలం. కంటి చివరి దాకా నీలమే! టీచరమ్మ చెప్పులు చేతబట్టుకుని అలల్లోకి పరుగెత్తింది.

"అచ్చం మీరు చెప్పినట్టే ఉంది డాక్టరుగారూ!"

సంతోషంతో డాక్టరుకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇక ఆ అబద్ధం మోయలేక మామగారి చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పయిపోయింది మావయ్యగారూ. నేనెప్పుడూ ఇక్కడికి రాలేదు. మీరు చెప్పగా విన్నదే, అందరికీ నాదిగా చెప్పుకున్నాను."

మామగారు నీళ్ళకేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు. అలల దాకా నడిచి, ఒక వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"నాకూ మా మామగారు చెప్పిందే, అల్లుడూ!"