గుమ్మం పక్క గుంట

దోహాలో మేడమ్ పిల్లల్ని చూసుకునే అమ్మతో పాటు, వాళ్ళ సెలవులకి నేనూ స్పెయిన్ వెళ్ళాను. కొండల మధ్య పాత ఊళ్ళో, ఒకప్పటి యూదుల వీధిలో, ఒక ఇంటి ద్వారబంధానికి వేలంత గుంట ఉంది. ఒకప్పుడు అందులో ప్రార్థన రాసిన కాగితపు చుట్ట ఉండేదట; ఆ ఇంట్లోకి వచ్చేవాళ్ళు అక్కడ తాకి వేళ్ళు ముద్దుపెట్టుకునేవారట. మన గడపకు మొక్కినట్టే నేనూ తాకి కళ్ళకద్దుకున్నాను.

“చాల్లేవే, కనపడిన ప్రతిదానికీ మొక్కడమే! పిలిచామనుకుని ఎవరైనా వెంట వస్తారు,” అని అమ్మ నవ్వింది.

దోహా తిరిగొచ్చిన రాత్రి, అల్ ఘర్రాఫాలో మేడమ్ వాళ్ళ విల్లా వెనక మా గది తలుపును బయటనుంచి ఎవరో వేలితో తడుముతున్న చప్పుడైంది. చట్రం పొడవునా నెమ్మదిగా వెతికారు. నాకు భయం వెయ్యలేదు. మాది ఇనుప చట్రం, గుంట ఎక్కడా లేదు. దొరక్కపోతే వెళ్ళిపోతారులే అనుకున్నాను.

చప్పుడు ఆగిపోయింది. పక్కన నిద్రపోతున్న అమ్మ, కళ్ళు తెరవకుండానే, తన వేళ్ళను ముద్దుపెట్టుకుంది.