రోల్ నంబర్ ఇరవై మూడు

"వీరవెంకటసత్యనారాయణ!"

మైకులో పేరు వినపడగానే ముగ్గురు కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. తొమ్మిదో తరగతి బి సెక్షనంతా గొల్లుమంది.

"ఏ సత్తిబాబండీ టీచర్‌గారూ? పొట్టోడా, పొడుగోడా, పళ్ళోడా?" వెనకనించి ఎవరో అరిచారు.

"అన్నవరం స్వామి పేరు పెట్టని ఇల్లే లేదు కదర్రా మీ ఊళ్ళో!" అంది కౌముది టీచర్ నవ్వుతూ. "ఉండండి. రోల్ నంబర్..."

"ఇరవై మూడు," అన్నాడు ప్రేమ్ కుమార్. తల్లిదండ్రుల కుర్చీల్లో ఆఖరి వరసలో కూర్చుని, తనకి మాత్రమే వినపడేలా.

"ఇరవై మూడు!" అంది కౌముది.

ఇద్దరు కూర్చున్నారు. పొడుగువాడు వేదిక వైపు నడిచాడు. ఇంత పొడుగుంటాడని ప్రేమ్ కుమార్ అనుకోలేదు. చొక్కా చేతులు మణికట్టు దాకా రావడం లేదు.

"ఈ టర్ములో అందరికన్నా ఎక్కువ మెరుగుపడ్డవాడు వీడే. జూన్‌లో లెక్కల్లో ఎన్నొచ్చాయో చెప్పమంటావా సత్తిబాబూ?"

"వద్దండీ," అన్నాడు కుర్రాడు సిగ్గుపడుతూ.

పదకొండు, అనుకున్నాడు ప్రేమ్ కుమార్. దసరా ముందు ముప్పై ఎనిమిది. ఇప్పుడు అరవై ఏడు.

చప్పట్లు మోగాయి. కుర్రాడు సర్టిఫికెట్టూ జామెట్రీ బాక్సూ అందుకుని, కుర్చీల వరసలన్నీ ఒక్కొక్కటిగా వెతికాడు. ఆ చూపు ఆఖరి వరసకి వచ్చేలోపు ప్రేమ్ కుమార్ స్తంభం చాటుకి జరిగాడు.

జేబులోంచి ఫోన్ తీసి ఆ మెసేజీ మళ్ళీ చదువుకున్నాడు. 'మీ అబ్బాయి వి.వి. సత్యనారాయణ, 9-బి, రోల్ నం. 23, ప్రగతి బహుమతికి ఎంపికయ్యాడు. తప్పక రండి.'

మీ అబ్బాయి.

సామర్లకోటలో రైసుమిల్లు కాటా దగ్గర లారీలు తూచే మనిషికి రోజుకి వందమంది తగులుతారు. అందరూ బరువే అడుగుతారు. సాయంత్రం గదికి వెళ్ళేసరికి మెస్సువాళ్ళ క్యారేజీ గుమ్మంలో ఉంటుంది, తెచ్చినవాడు ఉండడు. రీఛార్జి అయిపోయిందనో, లోను ఇస్తామనో తప్ప ఫోన్ మోగదు. అలాంటి ఫోన్‌లో, బడులు తెరిచాక ఒక ఉదయం వచ్చింది, 'మీ అబ్బాయి ఈ రోజు బడికి రాలేదు' అని. వరసగా నాలుగు రోజులు వచ్చింది. ఐదో రోజు ఉండబట్టలేక బడికి ఫోన్ చేశాడు.

ఆ తర్వాత, పరీక్షల మార్కులు తప్ప, మెసేజీలు ఆగిపోయాయి. రాకపోతేనే పంపుతారు, వస్తే పంపరు. పొద్దున్న పదకొండు గంటలు దాటినా ఫోన్ మోగలేదంటే కుర్రాడు క్లాసులో ఉన్నట్టు. అది మంచిరోజు. అలాంటి మంచిరోజుల్లో ఒక్కోసారి, మోగితే బావుణ్ణని లోపల ఎక్కడో అనిపించేది. వెంటనే తనని తను తిట్టుకునేవాడు.

సభ అయిపోయింది. అందరూ మిఠాయి పొట్లాల వైపు కదిలారు. ప్రేమ్ కుమార్ గోడవారగా బయటికి నడుస్తుంటే, హాజరు కాగితం పట్టుకున్న అమ్మాయి అడ్డం వచ్చింది.

"ఎవరి కోసం వచ్చారండీ?"

"వీరవెంకటసత్యనారాయణ. ఇరవై మూడు."

"టీచర్‌గారండీ!" అని ఆ అమ్మాయి కేకేసింది. కౌముది రిజిస్టరు చంకలో పెట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది.

"మీరేనాండీ! అక్కణ్ణించే మీ గొంతు విని, ఫోన్లో విన్నదేనని పోల్చుకున్నాను. ఆ రోజు మీరు ఫోన్ చెయ్యకపోతే ఏమయ్యేదో తెల్సా? ఇద్దరు పిల్లల్ని పంపిస్తే రొయ్యల షెడ్డులో దొరికాడు. బడి మానేస్తాను, నా గురించి అడిగేవాళ్ళెవరున్నారు అన్నాడంట."

"అయ్యో."

"నేనేం చెయ్యలేదండీ. 'మీ నాన్నగారు ఫోన్ చేసి అడిగార్రా' అన్నాను, అంతే. మర్నాటినించి ఒక్కరోజు మానలేదు. వాళ్ళ మామ్మగారు అచ్చాయమ్మగారేమో, మావాడికి పిల్లాడి ఊసే పట్టదమ్మా అంటారు. నేనొప్పుకోను. పాపం కాళ్ళనొప్పులని ఆవిడ కూడా రాలేదు. ఉండండి, పిలుస్తాను..."

"పిలవకండి."

"అదేంటండీ!"

"బస్సు టైమైపోతోందండి. కాకినాడలో మారాలి."

"ఎంత దూరంలో పని చేస్తే మాత్రం, ఇంతదాకా వచ్చి పిల్లాణ్ణి చూడకుండా వెళ్ళిపోతారా?"

"చూశానండి," అన్నాడు ప్రేమ్ కుమార్. "బావున్నాడు."

కౌముది చంకలోని రిజిస్టరు చేతిలోకి తీసుకుంది.

"పొద్దుట్నించి మూడుసార్లు అడిగాడండీ, మా నాన్నకి మెసేజ్ వెళ్ళిందా అని. మీరొచ్చారని చెప్పనా, పోనీ?"

ప్రేమ్ కుమార్ గేటు వైపు చూశాడు. కుర్రాడు సర్టిఫికెట్‌ని గుండెలకి ఆనించుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. ద్రాక్షారామం నించి బస్సొచ్చి ఆగింది. మునివేళ్ళ మీద లేచి, దిగేవాళ్ళందర్నీ చూశాడు. బస్సు వెళ్ళిపోయింది. మడమలు మెల్లగా నేలకి దించాడు.

"మీ ఇష్టమండి," అన్నాడు ప్రేమ్ కుమార్.

"ఒక్క నిమిషమండీ. అందరి ఫోన్ నంబర్లూ కొత్త రిజిస్టర్లోకి ఎక్కిస్తున్నాను." కౌముది పేజీ తిప్పి ఇరవై మూడో గడి మీద వేలు పెట్టింది. "పాత మాస్టారి చేతిరాత దేవుడికే తెలియాలి. చివరంకె ఒకటా, ఏడా అండీ ఇది? ఒకటనుకునే ఇన్నాళ్ళూ పంపుతున్నాను."

అతను ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు. గేటు దగ్గరకి ఇంకో బస్సు వస్తున్న చప్పుడు వినపడింది.

"నా నంబరు చివర ఒకటేనండి," అన్నాడు.

కౌముది నిటారుగా, స్పష్టంగా, ఒకటి వేసింది.

ఆ కుర్రాడి తండ్రి నంబరు చివర ఏడు.