చేవ తగ్గిందా?

“చచ్చినా రాయను!” అన్నాడు పెయింటర్, నిచ్చెన మీంచి.

కింద రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డ బావమరిదికి ఒళ్ళు మండిపోయింది.

బాక్సింగ్ హాలు గోడ మీద ఛాంపియన్ బొమ్మ పూర్తయింది. ఎర్ర గ్లవ్స్, నల్ల నిక్కరు, గుమ్మటాల్లాంటి భుజాలు. ఇక బొమ్మ కింద ఒక్క వాక్యమే మిగిలింది: ‘చివరి పోటీ దాకా చేవ తగ్గని వీరుడు’. తెల్లారితే హాలు ప్రారంభం. ఛాంపియనే వచ్చి రిబ్బన్ కత్తిరించాలి.

ఆ ఛాంపియన్ ఇతని అక్క మొగుడు. ఇరవై ఏళ్ళపాటు ఆయన గ్లవ్స్ కుట్టిందీ, వాటి తాళ్ళు బిగించిందీ ఇతనే. అందుకే ఊరందరికీ ఇతను ‘బావమరిది’ అయిపోయాడు.

“హెవీవెయిట్‌లో వరసగా నలభై ఒక్క పోటీలు గెలిచాడయ్యా మా బావ!”

“గెలిచాడు. ఆ తర్వాత వరసగా మూడు ఓడిపోయి రిటైరయ్యాడు. దాన్ని చేవ తగ్గడం అనరా? అబద్ధం రాయమంటే నా చెయ్యి ఒప్పుకోదు.”

“ఆ మూడూ పాయింట్ల మీద పోయాయి. ఒక్కడైనా మా బావని కింద పడేశాడా?”

“ఆ మూడింట్లో ఈయన మాత్రం ఎవర్ని పడేశాడు? గుద్దు రయ్యిమని వెళ్ళేది, అవతలివాడి ముక్కుకి జానెడు దూరంలో టక్కున ఆగిపోయేది. ఈగల్ని తోలుతున్నట్టు! వయసు మీద పడింది, చూపు మందగించింది. గురి కుదరక ఓడిపోయాడు.”

లోలోపల బావమరిదికీ అదే అనుమానం. కానీ పైకి ఒప్పుకుంటాడా? పాత వైభవమంతా ఏకరువు పెట్టాడు.

“అసలు ఆ చూపు ఎలాంటిదనుకున్నావ్? రింగులో దిగగానే మెడ చాచి, కళ్ళు చికిలించి ఒక్క చూపు చూసేవాడు. దాంతోనే సగంమందికి కాళ్ళు వణికేవి. ఏకాగ్రత సంగతి చెప్పనా? పోటీ ఉందంటే వీధిలో నేను ఎదురొచ్చి చెయ్యూపినా పట్టించుకోకుండా పోయేవాడు! ఇక మనసు! టైటిల్ గెలిచిన రోజు, ఎవడూ పట్టించుకోని రిఫరీని వాటేసుకుని, బాగా ఆడావు తమ్ముడూ అని వీపు తట్టాడు. అంత మనిషికా నువ్వు వంకలు పెట్టేది?”

“అయితే పద,” అని పెయింటర్ చకచకా నిచ్చెన దిగాడు. “ఆయన్నే అడుగుదాం. తగ్గలేదని ఆయన నోటితో అంటే, రెండింతల సైజు అక్షరాల్లో రాస్తా.”

ఛాంపియన్ మూడో అంతస్తు బాల్కనీలో ఉన్నాడు. కూర్చున్న పీట ఆయన కింద ఎక్కడుందో కనబడటం లేదు. అరటిపండంత వేళ్ళతో చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు.

సూదిలో దారం ఎక్కించుకుంటున్న మనిషిని చూసి పెయింటర్ తడబడ్డాడు. అయినా ఊరుకోలేదు. “సార్, చిన్న పరీక్ష. ఆ వీధి చివర బస్సు మీద ఏం రాసుంది?”

ఛాంపియన్ తలెత్తాడు. బస్సు నంబరు చెప్పాడు. పక్కనున్న సబ్బు ప్రకటన చదివాడు. అంతటితో ఆగితే బాగుండేది. “డ్రైవరు గడ్డం గీసుకోలేదు. ఎదురింటి మేడ మీద ఆరేసిన నీలం చొక్కాకి రెండో గుండీ ఊడింది. దాని పక్కన పిచ్చుక... కాదు, రెండు పిచ్చుకలు!”

బావమరిది కేక పెట్టాడు. పెయింటర్‌ని అమాంతం ఎత్తి బాల్కనీలో గిర్రున తిప్పేశాడు. “చూశావా! డేగ కళ్ళయ్యా! రాయి, రెండింతల అక్షరాలు!”

“ముందు దింపు బాబూ!” అని గోలపెట్టాడు పెయింటర్. కింద కాలు ఆనగానే అతనికి బుర్ర వెలిగింది. “ఉండుండు. ఈ వయసులో ఇంత చూపా? సార్, నిజం చెప్పండి. కళ్ళకి ఆపరేషన్ చేయించుకున్నారు కదూ?”

ఛాంపియన్ నవ్వాడు. “చేయించుకున్నా.”

“అదీ సంగతి! కళ్ళు పోయాయి, ఓడారు, రిటైరయ్యాక బాగుచేయించుకున్నారు. నేనన్నదే నిజం!”

బావమరిది మొహం పాలిపోయింది. గోడ, బొమ్మ, రిబ్బను, అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి. “నిజమేనా బావా? నాకు చెప్పనేలేదే?”

వంటింట్లోంచి అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. “నీ నోట్లో నువ్వుగింజ నానదని మేమే చెప్పలేదురా. రిటైరై ఏడాదయింది, ఇంకా ఎందుకండీ దాచడం, చెప్పేయండి.”

ఛాంపియన్ పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. పీట కిర్రుమంది. బావమరిది భుజం మీద చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు.

“ఆపరేషన్ ఆ మూడు పోటీల తర్వాత కాదురా పిచ్చోడా, ముందు, అంతదాకా ఇరవై ఏళ్ళూ ఎదురుగా మసగ్గా ఏది కదిలితే దాన్ని వాయించుకుంటూ పోయానుగానీ, ఎదుటివాడి మొహం కనబడ్డం మొదలయ్యాక చెయ్యెలా వస్తుంది?”