ముప్ఫై కంప్యూటర్లు, ఒక వేలు

'మీకు అనుమతి లేదు.'

ముప్ఫై కంప్యూటర్లూ కూడబలుక్కున్నట్టు ఇదే మాట మీద ఉన్నాయి. తెల్లారితే ఆ కేంద్రంలో ప్రవేశ పరీక్ష. అతను ఒక్కో తెర ముందూ వంగి చూశాడు. అన్నింటి మీదా యాంటీవైరస్ పెట్టిన ఎర్ర గడే.

"ఏమైందయ్యా?" అంటూ మేనేజరు వెనకే వచ్చి నిలబడ్డాడు. టెక్నీషియన్ ఇంకొక్క రోజు సెలవు పెడితే ఇక రానే అక్కర్లేదని పోయినవారం తేల్చి చెప్పిన మనిషి ఆయనే. ఊరికే బెదిరించే రకం కాదు.

"చూస్తున్నాను సార్," అన్నాడు అతను, మెడలోని గుర్తింపు కార్డు సర్దుకుంటూ. ఈ ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. 

పక్కకు వెళ్ళి ఫోన్ చేశాడు. అవతల ఈ పనిలో తలపండిన మనిషి.

"నమూనా అన్నింట్లోకీ ఎక్కించాను. యాంటీవైరస్ మొండికేసింది."

"ఛ! నమూనా తీసేముందే యాంటీవైరస్‌ను తీసెయ్యాల్రా. మరిచిపోయాం." అవతలి గొంతు నీరసంగా ఉంది. "ఒక కంప్యూటర్‌ను తయారుచేసి, దాని నమూనానే అచ్చు గుద్దినట్టు మిగతావాటిలో దించాం కదా. పైకి అన్నీ ఒకటే. కానీ యాంటీవైరస్ అసలుదాన్నే గుర్తుపడుతుంది. నకలును దగ్గరికి రానివ్వదు."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"దాన్ని పూర్తిగా తీసేసి, మళ్ళీ కొత్తగా వెయ్యి."

తీయబోతే, టెక్నీషియన్ వేలిముద్ర కావాలంది. అతను కాస్త తటపటాయించాడు. మేనేజరు కళ్ళార్పకుండా చూస్తున్నాడు. వేలు పెట్టాడు.

'మీకు అనుమతి లేదు.'

"చెయ్యి కడుక్కురా," అన్నాడు మేనేజరు.

అతను కంగారులో స్టోర్‌రూమ్ తలుపు తీసి, చీపుళ్ళను పలకరించి, వెనక్కొచ్చి, పక్క తలుపు తీసి చెయ్యి కడుక్కున్నాడు. మళ్ళీ వేలు పెట్టాడు. అదే జవాబు. మేనేజరు తన జేబురుమాలుతో స్వయంగా వేలిముద్ర యంత్రం మీది గాజుముక్కను తుడిచాడు. ఊదాడు. అయినా ససేమిరా అంది.

"వేళ్ళన్నీ పెట్టి చూడు. అదీ కాకపోతే కాళ్ళవి కూడా ఉన్నాయిగా," అన్నాడు మేనేజరు. నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

అటెండరమ్మ టీ తెచ్చింది. అతను చక్కెర అడిగాడు.

"ఎప్పుడూ వద్దంటారుగా బాబూ?"

"ఇవాళ బుర్ర పనిచెయ్యట్లేదమ్మా."

"పాపం, మనిషి సగమైపోయాడు," అని ఆవిడ రెండు చెంచాలు వేసింది.

మధ్యాహ్నానికి మేనేజరు ఓపిక నశించింది. యాంటీవైరస్ కంపెనీకి ఫోన్ చేసి అవతలివాణ్ణి దులిపేశాడు.

"మా మనిషినే గుర్తుపట్టకపోతే మీ సాఫ్ట్‌వేర్ దేనికయ్యా, దిష్టి తీయడానికా?"

"వేలిముద్ర తాళం ఇక్కణ్ణుంచి తీసేస్తాం సార్. కానీ మీ ఎదురుగా ఉన్నది మీ టెక్నీషియనేనని మీరు హామీ ఇవ్వాలి."

మేనేజరు అతన్ని ఎగాదిగా చూశాడు. అతను మెడలోని కార్డును మళ్ళీ సర్దుకున్నాడు.

"ఆరేళ్ళుగా రోజూ చూస్తున్న మొహం! నాకే పరీక్ష పెడతావా?"

తాళం తీశారు. అతను ఫోన్ చెవికి ఆనించుకుని, అవతలి మనిషి చెప్పింది చెప్పినట్టు చేస్తూ, పాత యాంటీవైరస్‌ను తీసేసి కొత్తది వేశాడు. ఒక్కొక్కటిగా ముప్ఫై తెరల మీదా ఎర్ర గడి పోయి పచ్చ గడి వచ్చింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

మేనేజరు భుజం తట్టాడు. "పోయినవారం ఏదో నోరు జారాను. మనసులో పెట్టుకోకు. నీలాంటివాడు ఇంకొకడు దొరకడయ్యా."

"అలాగే సార్," అన్నాడు అతను.

సాయంత్రం ఇంటికొచ్చి, మెడలోని కార్డు తీసి, విరిగిన కాలికి పిండికట్టుతో మంచం మీది నుంచే ఫోన్‌లో పనంతా చెప్పిన, తనకన్నా కొన్ని నిమిషాలే పెద్దవాడైన కవల అన్నయ్య మెడలో వేస్తూ అన్నాడు: "నీ ఉద్యోగం నిలబడిందిరా అన్నయ్యా, కానీ మీ ఆఫీసు మొత్తానికీ నన్ను పట్టుకున్నది ఆ యాంటీవైరస్ ఒక్కటే."